కాఫీ పొడి ఎంత, నీళ్లు ఎంత? అందాజు కాదు, కొలత

హైదరాబాద్‌లో ఇంట్లో కాఫీ కలిపేవాళ్లను "పొడి ఎంత వేశారు?" అని అడిగితే ఎక్కువగా వచ్చే జవాబు ఒక్కటే: "అందాజుగా." బిర్యానీకి బియ్యం, మాంసం కిలోల లెక్కన తూచుకునే ఇంట్లో కూడా కాఫీ దగ్గరికి వచ్చేసరికి తూకం ఉండదు. చెంచా ఎంత తీసుకుంటే అంత, గ్లాసు ఏది దొరికితే అది, చివర్లో రంగు చూసి సరిపెట్టుకోవడం. అందుకే అదే డబ్బాలో పొడితో సోమవారం కాఫీ చిక్కగా, మంగళవారం చేదుగా, బుధవారం గోరువెచ్చని పాలలాగా వస్తుంది. తప్పు పొడిదనుకుని బ్రాండ్ మారుస్తారు. మళ్లీ అదే కథ.

హైదరాబాద్ చాయ్ ఊరు కాబట్టి ఇది పెద్ద విషయం కాదనిపించవచ్చు. కానీ కాఫీలో పొడి ఎంత పడిందన్న దానిమీద మూడు విషయాలు ఆధారపడి ఉంటాయి: రుచి, నెల ఖర్చు, ఒంట్లోకి వెళ్లే కెఫీన్. మూడోదాని సంగతి తేల్చిన సంస్థ ఎక్కడో లేదు. ఉప్పల్, నాచారం మధ్య ఉన్న చిల్కానగర్ నుంచి హబ్సిగూడ మీదుగా వెళితే కొద్ది కిలోమీటర్లలో వచ్చే తార్నాకలోనే ఉంది. అది జాతీయ పోషకాహార సంస్థ, జనం నోట్లో ఎన్‌ఐఎన్. 1918లో కూనూర్‌లో మొదలై 1958లో హైదరాబాద్‌కు వచ్చిన ఈ సంస్థ, 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో చాయ్, కాఫీల గురించి స్పష్టంగా చెప్పింది. రోజుకు మొత్తం కెఫీన్ 300 మిల్లీగ్రాములు దాటకూడదు. 150 మిల్లీలీటర్ల కప్పు ఫిల్టర్ కాఫీలో 80 నుంచి 120, ఇన్‌స్టంట్ కాఫీలో 50 నుంచి 65, చాయ్‌లో 30 నుంచి 65 మిల్లీగ్రాములు ఉంటుందని లెక్క కూడా ఇచ్చింది. పొడి ఎంత వేస్తున్నారో తెలియకపోతే ఈ లెక్క ఎవరికీ ఉపయోగపడదు.

రంగును నమ్మి కూడా లాభం లేదు. కాఫీ నల్లగా ఉందంటే గట్టిదని కాదు. చికోరీ ఎక్కువ కలిసిన పొడి కొద్దిగా వేసినా ముదురు రంగు ఇస్తుంది, అందులో కెఫీన్ మాత్రం ఉండదు. మరోవైపు తేలిగ్గా వేయించిన స్వచ్ఛమైన కాఫీ పల్చటి గోధుమ రంగులో కనిపిస్తూనే రెండింతలు పని చేయవచ్చు.

ముందు చెంచా సంగతి

ఇంట్లో వాడే మామూలు టీ స్పూన్ 5 మిల్లీలీటర్లది. ఫిల్టర్ కాఫీ పొడిని అందులో తీసి పైన సమంగా గీస్తే సుమారు 2 గ్రాములు వస్తుంది. అదే చెంచా గుట్టగా తీస్తే దాదాపు రెట్టింపు. ఒకే ఇంట్లో అత్తగారి చెంచాకూ కోడలి చెంచాకూ తేడా ఇక్కడే పుడుతుంది, ఇద్దరూ "రెండు చెంచాలే వేశాను" అంటారు, ఇద్దరూ నిజమే చెబుతారు.

వంటింటి డిజిటల్ తూకం కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. కొనడం ఇష్టం లేకపోతే ఇంకో దారి ఉంది. 200 గ్రాముల కొత్త ప్యాకెట్ విప్పగానే, ఇంట్లో రోజూ వాడే చెంచాతోనే, ప్రతిసారీ పైన గీసి, లెక్కపెడుతూ డబ్బాలోకి తీయాలి. 100 చెంచాలు వస్తే చెంచా 2 గ్రాములు. 80 వస్తే రెండున్నర. ఒక్కసారి లెక్కేసి ఆ అంకెను డబ్బా మూత మీద రాసిపెట్టుకుంటే, ఆ చెంచా, ఆ పొడి ఉన్నన్నాళ్లూ తూకంతో పని లేదు. పొడి మారితే మళ్లీ లెక్కపెట్టాలి, ఎందుకంటే మెత్తగా పట్టిన పొడి ఎక్కువ తూగుతుంది, బరకగా పట్టింది తక్కువ తూగుతుంది.

నీళ్లకు ఇంత కష్టం లేదు. ఒక మిల్లీలీటరు నీళ్లు ఒక గ్రాము. స్టీలు గ్లాసులు మాత్రం ఒక్కో ఇంట్లో ఒక్కో సైజు, 150 నుంచి 300 దాకా ఉంటాయి. కొలత గీతలున్న పిల్లల పాలసీసా ఇంట్లో ఉంటే దాంతో ఒకసారి గ్లాసు కొలిచి చూసుకుంటే చాలు.

ఫిల్టర్ కాఫీకి ఒకటికి ఏడు

స్టీలు ఫిల్టర్‌లో డికాషన్ తీసేటప్పుడు పొడి ఒక వంతుకు నీళ్లు ఏడు వంతులు అనేది మొదలుపెట్టడానికి మంచి కొలత. నాలుగు కప్పులకు లెక్క ఇలా ఉంటుంది: పొడి 30 గ్రాములు, నీళ్లు 210 మిల్లీలీటర్లు. పోసిన నీళ్లన్నీ కిందికి దిగవు. పొడి తన బరువుకు సుమారు రెండింతల నీళ్లు పీల్చుకుని పట్టి ఉంచుతుంది. అంటే 60 మిల్లీలీటర్లు పైనే ఉండిపోతాయి, కింద 150 దాకా డికాషన్ వస్తుంది. కప్పుకు 35 నుంచి 40 మిల్లీలీటర్ల డికాషన్, 110 మిల్లీలీటర్ల పాలు. 150 మిల్లీలీటర్ల కప్పు తయారు.

ఇక్కడ చాలామంది మరిచిపోయే విషయం ఒకటుంది. పాలు కూడా నీళ్ల లెక్కలోకే వస్తాయి. ఎందుకంటే పాలలో నూటికి 87 వంతుల దాకా ఉండేది నీరే. పై లెక్కలో ఒక్కో కప్పుకు పడిన పొడి ఏడున్నర గ్రాములు, తాగేది 150 మిల్లీలీటర్లు. అంటే చివరికి కప్పులో కొలత 1:20. డికాషన్ 1:7లో ఎంత చిక్కగా తీసినా, పాలు ఎక్కువ పోస్తే కాఫీ పల్చబడుతుంది. అప్పుడు పొడి పెంచడం కన్నా పాలు తగ్గించడం చవక.

తీసే పద్ధతి కూడా కొలతలో భాగమే. ఫిల్టర్ పై గిన్నెలో పొడి వేసి, పక్కన తట్టి సమం చేసి, లోపలి బిళ్లతో తేలిగ్గా ఒత్తాలి. గట్టిగా ఒత్తితే నీళ్లు దిగవు, అసలు ఒత్తకపోతే గబగబా కారిపోతాయి. మరిగిన నీళ్లను దించి అర నిమిషం ఆగాలి. సముద్ర మట్టానికి అయిదు వందల మీటర్లకు పైన ఉన్న హైదరాబాద్‌లో నీళ్లు 98 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, అర నిమిషం ఆగితే 95కు అటూ ఇటూ ఉంటాయి, కాఫీకి కావలసిన వేడి అదే. మొదట 60 మిల్లీలీటర్లు పోసి పొడి తడిసేదాకా ఆగి, మిగతా 150 నెమ్మదిగా పోసి మూత పెట్టాలి. 10 నుంచి 20 నిమిషాల్లో డికాషన్ దిగాలి. మూడు నిమిషాల్లోనే దిగితే పొడి బరక, లేదా ఒత్తడం చాలలేదు. ముప్పావు గంటైనా దిగకపోతే పొడి మరీ మెత్తన, లేదా చికోరీ ఎక్కువ.

దిగిన డికాషన్‌ను పొయ్యి మీద మరిగించకూడదు. పాలను వేడిగా మరిగించి అందులో డికాషన్ కలపాలి. చల్లారితే వేడినీళ్ల గిన్నెలో ఉంచి వెచ్చచేసుకోవచ్చు.

చాయ్ అలవాటున్న ఇళ్లలో పొడి, పాలు, చక్కెర అన్నీ ఒకే గిన్నెలో వేసి పొంగించడం మామూలే. ఇన్‌స్టంట్ పొడికి అది చెల్లుతుంది. ఫిల్టర్ పొడికి చెల్లదు. ఇరానీ చాయ్ ఎంత మరిగితే అంత బాగుంటుందేమో కానీ, కాఫీ పొడి మరిగేకొద్దీ చేదు మాత్రమే పెరుగుతుంది.

రెండో డికాషన్ సంగతి కూడా చెప్పుకోవాలి. పొదుపు కోసం అదే పొడి మీద మళ్లీ నీళ్లు పోయడం చాలా ఇళ్లలో ఉంది. రుచినిచ్చేవి చాలావరకు మొదటి నీళ్లతోనే దిగిపోతాయి, రెండో దాంట్లో మిగిలేది ఎక్కువగా చేదే. ఎంతో అవసరమైతే మొదటి దాంట్లో కొద్దిగా కలుపుకోవచ్చు. దాన్నే విడిగా మెహమాన్లకు ఇవ్వడం మాత్రం బాగుండదు.

1:7 ఎక్కడ, 1:16 ఎక్కడ

పుస్తకాల్లో, యంత్రాల పెట్టెల మీద 1:16, 1:18 అని కనిపించి కొందరు తికమకపడతారు. అది పాలు లేని నల్ల కాఫీ కొలత. దాని మూలం 1950లలో అమెరికాలో ఉంది. ఎం.ఐ.టి.కి చెందిన రసాయన శాస్త్రవేత్త ఎర్నెస్ట్ లాక్‌హార్ట్ అక్కడి కాఫీ బ్రూయింగ్ ఇన్‌స్టిట్యూట్ తరఫున జనం ఎలాంటి కాఫీ ఇష్టపడుతున్నారో పరిశీలించి ఒక పటం గీశారు. పొడి బరువులో 18 నుంచి 22 శాతం నీళ్లలోకి దిగాలి, కప్పులో కరిగిన పదార్థం 1.15 నుంచి 1.35 శాతం ఉండాలి అన్నది దాని సారం. లీటరు నీళ్లకు 55 గ్రాముల పొడి అనే కొలత అక్కడి నుంచే స్థిరపడింది. కాఫీ యంత్రాలకు ఇప్పటికీ అదే ఆధారం. అది అప్పటి అమెరికన్ల నాలుక చెప్పిన కొలత. పాలు, చక్కెర వేసుకునే ఇంట్లో దాన్ని ఖచ్చితంగా పాటించాల్సిన పని లేదు. ఫ్రెంచ్ ప్రెస్, కాగితం ఫిల్టర్ వాడేవారు మాత్రం 240 మిల్లీలీటర్ల నీళ్లకు 15 గ్రాములతో మొదలుపెట్టవచ్చు. ఫ్రెంచ్ ప్రెస్‌లో పొడి బరకగా ఉండాలి, నాలుగు నిమిషాలు నానాలి.

ఆ పటం నుంచి మనకు నిజంగా పనికొచ్చేది వేరే ఉంది. కాఫీ గట్టిదనం వేరు, పొడి నుంచి రసం దిగడం వేరు. రెండూ కలిపేసుకోవడం వల్లే ఇళ్లలో పొడి వృథా అవుతుంది. కాఫీ రుచిగా ఉండి పల్చగా ఉంటే పొడి పెంచాలి, లేదా పాలు తగ్గించాలి. రుచిగా ఉండి మరీ గట్టిగా ఉంటే పొడి తగ్గించాలి. కానీ పుల్లగా, నీళ్లలాగా ఉంటే పొడి చాలక కాదు, రసం దిగక. నీళ్లు చల్లగా ఉన్నాయేమో, పొడి బరకగా ఉందేమో, ఒత్తలేదేమో చూడాలి. గొంతు పట్టే చేదు ఉంటే రసం ఎక్కువ దిగింది, అంటే పొడి మరీ మెత్తన లేదా ఎక్కువసేపు నానింది. ఆ చేదు పోవాలని చక్కెర పెంచుతూ పోతే షుగర్ ఉన్న ఇంట్లో అది ఇంకో సమస్య.

ప్యాకెట్ వెనక రాసి ఉండే అంకె

కొలత అంతా సరిగ్గా ఉన్నా ఒక్క చోట లెక్క తప్పుతుంది. 30 గ్రాముల పొడి అంటే 30 గ్రాముల కాఫీ కాదు. మార్కెట్‌లో ఎక్కువగా అమ్ముడయ్యే ఫిల్టర్ పొడుల్లో చికోరీ కలిసి ఉంటుంది. చికోరీ ఒక మొక్క వేరు. దాన్ని వేయించి పొడి చేస్తారు. రంగు, చిక్కదనం, కొద్దిపాటి తీపితో కూడిన చేదు ఇస్తుంది. కాఫీ కన్నా నీళ్లలో చాలా ఎక్కువ కరుగుతుంది. అందులో చెడు ఏమీ లేదు, చాలామందికి ఆ రుచే కావాలి. కానీ ధర కాఫీ కన్నా తక్కువ. ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన ప్రకారం కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, కాఫీ ఎంత శాతం, చికోరీ ఎంత శాతం అన్నది ప్యాకెట్ మీద రాయాలి. రాసేది చిన్న అక్షరాల్లోనైనా రాసి ఉంటుంది.

లెక్క కోసం రెండు ప్యాకెట్లు అనుకుందాం. ఒకటి 60:40, అర కిలో 400 రూపాయలు. రెండోది 80:20, అర కిలో 480 రూపాయలు. మొదటిది చవకగా కనిపిస్తుంది. అందులో కాఫీ 300 గ్రాములు, అంటే గ్రాము కాఫీ రూపాయి 33 పైసలు. రెండో దాంట్లో కాఫీ 400 గ్రాములు, గ్రాము రూపాయి 20 పైసలు. కాఫీ కోసం కొంటున్నవారికి రెండోదే చవక. కిరాణా షాపులో ఫోన్ తీసి ఈ భాగాహారం చేయడానికి అర నిమిషం పట్టదు.

ఖర్చు మీద కొలత ప్రభావం కూడా ఇంతే సూటిగా ఉంటుంది. రోజుకు రెండు పూటలా నాలుగేసి కప్పులు చేసే ఇంట్లో 1:7 లెక్కన రోజుకు 60 గ్రాములు, అర కిలో ఎనిమిది రోజులు వస్తుంది. అదే 210 మిల్లీలీటర్ల నీళ్లకు అందాజుగా 42 గ్రాములు వేస్తే, అంటే 1:5 అయితే, ఆరు రోజుల్లో డబ్బా ఖాళీ. నెలకు దాదాపు ఏడు వందల గ్రాముల తేడా. ఇస్రాఫ్ వద్దనుకునే ఇల్లు చూసుకోవాల్సిన చోటు ఇది.

పొడి పట్టించి కొనేవారు ఒకేసారి కిలో తీసుకోకుండా 200 గ్రాములు తీసుకోవడం మేలు. పొడి అయ్యాక కాఫీ వాసన రోజురోజుకూ తగ్గుతుంది. పాతబడ్డ పొడిని ఎంత వేసినా ఆ వాసన రాదు.

బోరు నీళ్లా, నల్లా నీళ్లా, ఆర్‌ఓ నీళ్లా

చిల్కానగర్‌లోనే కాదు, నగరంలో చాలా అపార్ట్‌మెంట్లలో రెండు రకాల నీళ్లు వస్తాయి: జలమండలి నల్లా, సొంత బోరు. హైదరాబాద్ రాతి నేల మీద బోరు నీళ్లు చాలాచోట్ల గట్టివి. గిన్నె అడుగున, గీజర్‌లో తెల్లగా పేరుకునేది ఆ గట్టిదనమే. గట్టి నీళ్లతో డికాషన్ మొద్దుబారినట్టుగా, వాసన లేకుండా వస్తుంది. ఇక ఆర్‌ఓ యంత్రం అన్నీ తీసేసిన నీళ్లు దానికి వ్యతిరేకం. ఉప్పులు మరీ తక్కువైతే రుచి చప్పగా, కొద్దిగా పుల్లగా ఉంటుంది. కాఫీకి నీళ్లలో కరిగిన లవణాలు లీటరుకు 150 మిల్లీగ్రాముల దగ్గర ఉంటే బాగుంటుందని అంతర్జాతీయ కాఫీ సంఘాల ప్రమాణం. తాగునీటికి మన భారతీయ ప్రమాణం 500 దాకా పర్వాలేదంటుంది. అంటే తాగడానికి మంచి నీళ్లన్నీ కాఫీకి మంచివి కావు.

టీడీఎస్ మీటర్ లేనివారు ఒక పని చేసి చూడవచ్చు. ఒకే పొడి, ఒకే కొలత, ఒక రోజు నల్లా నీళ్లతో, ఒక రోజు ఆర్‌ఓ నీళ్లతో, ఇంకో రోజు రెండూ సగం సగం కలిపి తీయాలి. నచ్చినదాన్ని పట్టుకోవాలి. పొడి బ్రాండ్ మార్చే ముందు చేయాల్సిన పని ఇదే.

ఇన్‌స్టంట్ కాఫీ

హైదరాబాద్ ఇళ్లలో ఎక్కువగా వాడేది ఇదే. నిజానికి ఈ రంగంలో తెలుగువారి పాత్ర కూడా ఉంది. 1990లలో గుంటూరు జిల్లా దుగ్గిరాలలో ఫ్యాక్టరీ పెట్టిన సీసీఎల్ ప్రొడక్ట్స్ అనేక దేశాల బ్రాండ్లకు ఇన్‌స్టంట్ కాఫీ చేసి ఇస్తుంది. ఇన్‌స్టంట్ అంటే ముందే డికాషన్ తీసి ఆరబెట్టిన పొడి. మొత్తం కరిగిపోతుంది, కాబట్టి ఇక్కడ నానే సమయం, ఒత్తడం అన్న లెక్కలు లేవు, కొలత ఒక్కటే ఉంది. 150 మిల్లీలీటర్లకు ఒకటిన్నర నుంచి రెండు గ్రాములు. పలుకులుగా ఉండే పొడి చాలా తేలిక, సమంగా గీసిన చెంచా ఒక గ్రాము పైన కొద్దిగా తూగుతుంది. కాబట్టి చెంచాన్నర. ఇందులోనూ చికోరీ కలిసినవి, కలవనివి రెండూ ఉన్నాయి, సీసా మీద చూసుకోవాలి. సలసల మరిగే పాలలో నేరుగా వేయకుండా ముందు రెండు చెంచాల గోరువెచ్చని నీళ్లలో కలిపి పోస్తే ఉండలు కట్టదు.

గహ్వా కొలత వేరే

కాఫీ అన్న పేరే అరబ్బీ "ఖహ్వా" నుంచి తుర్కీ మీదుగా వచ్చింది. 15వ శతాబ్దంలో యెమెన్‌లో సూఫీలు రాత్రి జిక్ర్ కోసం నిద్ర రాకుండా దీన్ని తాగేవారు. 1511లో మక్కాలో అధికారి ఖైర్ బేగ్ దీన్ని నిషేధిస్తే, ఆ నిషేధాన్ని కైరోలోని సుల్తాన్ నిలవనివ్వలేదు. మన దేశానికి కాఫీ గింజలు హజ్ నుంచి తిరిగి వస్తూ బాబా బుడన్ తెచ్చారని, యెమెన్ నుంచి ఏడు గింజలు దాచి తెచ్చి చిక్‌మగళూరు కొండల్లో నాటారని సంప్రదాయం చెబుతుంది. ఆ కొండలు ఇప్పటికీ ఆయన పేరుతోనే ఉన్నాయి. 2019లో బాబాబుడన్‌గిరి అరబికాకు, మన అరకు లోయ అరబికాకు ఒకేసారి భౌగోళిక గుర్తింపు దక్కింది.

నిజాం సైన్యంలో పనిచేసిన హద్రమౌత్ అరబ్బుల సంతతి ఉన్న బార్కస్‌లో, గల్ఫ్‌లో ఏళ్లు గడిపి వచ్చిన కుటుంబాల్లో గహ్వా అలవాటు ఉంది. దీనికి తేలిగ్గా వేయించి బరకగా పట్టిన పొడి కావాలి. లీటరు నీళ్లకు 30 నుంచి 40 గ్రాములు, పది నిమిషాలు సన్నని సెగ మీద, దించేముందు దంచిన యాలకులు. పొడి అడుగుకు దిగేదాకా ఆగి వంచుకోవాలి. పాలు, చక్కెర ఉండవు, పక్కన ఖర్జూరం ఉంటుంది. ఫిన్జాన్ కప్పు చిన్నది, 60 మిల్లీలీటర్ల లోపే. అందులో పడే పొడి రెండు గ్రాములు, అంటే రెండు మూడు కప్పులు తాగినా ఒక ఫిల్టర్ కాఫీ అంత.

రంజాన్‌కు ముందు, ఇఫ్తార్ తర్వాత

కొలత తెలిసినవారికి అసలు ఉపయోగం ఇక్కడ కనిపిస్తుంది. అరబికా గింజలో కెఫీన్ బరువులో సుమారు 1.2 శాతం, రోబస్టాలో 2.2 శాతం. 80:20 పొడి ఏడున్నర గ్రాముల్లో కాఫీ 6 గ్రాములు. అంతా అరబికా అయితే 70 మిల్లీగ్రాములకు పైన, అంతా రోబస్టా అయితే 130 దాకా, రెండూ కలిసినదైతే 100 అటూ ఇటూ. ఎన్‌ఐఎన్ చెప్పిన అంకెకు ఇది సరిపోతుంది. అంటే ఇలాంటి కాఫీ రోజుకు మూడు కప్పులతో 300 పరిమితి పూర్తవుతుంది. మధ్యలో తాగే చాయ్ దానికి అదనం. గర్భంతో ఉన్నవారు 200 దాటకుండా చూసుకోవాలని చాలామంది ప్రసూతి వైద్యుల సలహా, వారికి రెండు కప్పులే హద్దు. గట్టి డికాషన్ అయితే అదీ ఎక్కువే.

రోజా మొదటి మూడు నాలుగు రోజులు మధ్యాహ్నం నుంచి తలనొప్పి అని బాధపడేవారిలో కాఫీ, చాయ్ అలవాటు ఉన్నవారు ఎక్కువ. రోజూ అందే కెఫీన్ ఆగిపోతే 12 నుంచి 24 గంటల్లో తలనొప్పి మొదలవుతుంది, కొందరికి వారం దాకా ఉంటుంది. దీనికి సహరీలో పెద్ద గ్లాసు కాఫీ తాగడం సరైన మందు కాదు. కెఫీన్ సగం అయిదు గంటల్లో శరీరం నుంచి పోతుంది, అస్ర్ వేళకు మిగిలేది కొద్దిగానే. పైగా నీళ్లు తాగాల్సిన కడుపు కాఫీతో నిండుతుంది. రెండు వారాల ముందు నుంచే తగ్గించుకుంటూ రావడం తేలిక. మొదట కప్పుకు ఏడున్నర గ్రాములను ఆరుకు, తర్వాత నాలుగున్నరకు. డికాషన్ 1:7లోనే తీయాలి, కప్పులో దాన్ని తగ్గించి పాలు పెంచాలి. ఇక్కడ చికోరీ కూడా పనికొస్తుంది. 80:20 నుంచి 60:40 పొడికి మారితే, అంతే చెంచాలు వేసినా కాఫీ ఆరు గ్రాముల నుంచి నాలుగున్నరకు పడిపోతుంది. రంగు తగ్గదు కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లు పేచీ పెట్టరు.

ఇఫ్తార్ విషయంలో ఎన్‌ఐఎన్ మార్గదర్శకం సూటిగా ఉంది. భోజనానికి కనీసం గంట ముందు, గంట తర్వాత చాయ్, కాఫీ వద్దు. వాటిలోని టానిన్లు ఆహారంలోని ఇనుమును శరీరం పీల్చుకోకుండా అడ్డుపడతాయి. రక్తహీనత ఉన్న ఆడవాళ్లు, ఆడపిల్లలు ఉన్న ఇళ్లలో దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. ఖర్జూరం, పప్పు, హలీం తిన్న వెంటనే కాఫీ కప్పు పట్టుకుంటే తిన్నదాంట్లో కొంత ఇనుము దక్కకుండా పోతుంది. తరావీహ్‌కు వెళ్లి వచ్చాక తాగితే ఆ గంట దానంతట అదే గడిచిపోతుంది, కానీ అప్పుడు సహరీకి నిద్ర పట్టనివారు సగం కప్పుతో ఆగాలి.

దావత్‌లో యాభై మందికి

చిన్న ఫిల్టర్‌తో ఇది అయ్యే పని కాదు. ఇంట్లో నాలుగు కప్పుల లెక్కను యాభైకి గుణిస్తే పొడి 375 గ్రాములు, నీళ్లు 2 లీటర్ల 625 మిల్లీలీటర్లు, దిగే డికాషన్ సుమారు 1 లీటరు 875, పాలు అయిదున్నర లీటర్లు. కానీ దావత్‌లో పోసేది 100 మిల్లీలీటర్ల కాగితం కప్పు. కాబట్టి అన్నీ మూడింట రెండు వంతులు చాలు: పొడి 250 గ్రాములు, నీళ్లు లీటరు ముప్పావు, పాలు మూడు లీటర్ల ముప్పావు. రెండోసారి అడిగేవారి కోసం పదో వంతు పెంచుకోవచ్చు.

నీళ్లు మరిగించి దించి, పొడి అందులో కలిపి, మూత పెట్టి ఎనిమిది పది నిమిషాలు కదపకుండా ఉంచాలి. ఉతికిన మందపాటి నూలు గుడ్డలో వడగట్టాలి. గుడ్డకు సబ్బు వాసన ఉండకూడదు, ముందు వేడినీళ్లలో ముంచి పిండాలి. మూటను మరీ బిగించి పిండితే చేదంతా దిగుతుంది, కారినంత కారనివ్వాలి. డికాషన్‌ను ఫ్లాస్కులో, పాలను పొయ్యి మీద విడిగా ఉంచుకుని, మెహమాన్లు వచ్చేకొద్దీ కలపాలి. అన్నీ ముందే కలిపి పెద్ద గిన్నెలో గంటసేపు కాగబెట్టిన కాఫీ, ఎంత మంచి పొడి వేసినా, చివరి వరుసలో కూర్చున్నవారికి చేదుగానే అందుతుంది.